రహీం సాబ్: హైదరాబాద్ పోలీసు జట్టుకి కప్పులు తెచ్చిన బడిపంతులు

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని ఒకసారి గెలవడమే గొప్ప అనుకునే రోజులవి. అలాంటి కప్పుని హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. మధ్యలో ఒక్క ఏడాది కూడా వదల్లేదు. కలకత్తా పెద్ద క్లబ్బులకి డబ్బుంది, పేరుంది, వేలల్లో అభిమానులున్నారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో ఉన్నదంతా నెల జీతం తీసుకునే పోలీసోళ్లు. అయినా ఐదేళ్లూ కప్పు రైలెక్కి హైదరాబాద్‌కే వచ్చింది.

ఆ జట్టు వెనక నిలబడ్డ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. పాతబస్తీ పెద్దవాళ్లకి ఆయన రహీం సాబ్. దేశానికి రెండుసార్లు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. వృత్తికి మాత్రం బడిపంతులు. ఆయన సాధించినదంతా పంతులు బుద్ధితో సాధించిందే.

చదువు, బడి, మైదానం

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అది నిజాం కాలం. ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు, 1918లో, ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. డిగ్రీ చదువులు ఉర్దూలో చెప్పడం దాని ప్రత్యేకత. రహీం సాబ్ అక్కడే ఆర్ట్స్ చదివారు, యూనివర్సిటీ జట్టులో ఆడారు. సిటీ కాలేజీలో చదువుతున్నవాళ్లు, చదివి బయటికొచ్చినవాళ్లు కలిసి పెట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టులోనూ ఆడారు. ఆ తర్వాత ఖమర్ క్లబ్. స్థానిక లీగులో దానికి మంచి పేరుండేది.

ఆడుతూనే ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లో పాఠాలు చెప్పారు. కొన్నేళ్లయ్యాక వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బళ్లలో ఆటల బాధ్యత చూసుకున్నారు. క్లాసురూము నుంచి మైదానానికి మారినా పని మాత్రం మారలేదు. తెలియనివాడికి తెలిసేలా చెప్పడం, ఒక్కొక్క పిల్లాడిలో ఏముందో కనిపెట్టడం, తప్పుని ఓపిగ్గా దిద్దడం. ఆయనతో ఆడినవాళ్లు తర్వాతి రోజుల్లో ఎక్కువగా చెప్పుకున్నది ఈ గుణాల గురించే.

అప్పట్లో కోచ్ అంటే చాలామంది దృష్టిలో ఆటగాళ్లని పరిగెత్తించేవాడు, గట్టిగా అరిచేవాడు. రహీం సాబ్ ముందు ఆలోచింపజేసేవారు. బంతి ఎక్కడుందో అందరికీ కనపడుతుంది, ఇంకో క్షణంలో ఎక్కడికి వెళ్తుందో చూసేవాడే ఆటగాడు అన్నది ఆయన లెక్క.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. అక్కడి నుంచి ఇక్కడి ఫుట్‌బాల్ నిర్వహణకి ఆయనే పెద్దదిక్కు. మైదానం చూసుకోవడం, టోర్నమెంట్లు పెట్టడం, పిల్లల్ని వెతకడం, జట్లని తయారుచేయడం, అన్నీ ఆయన తలమీదికే వచ్చాయి.

1948 తర్వాత ఒక ఊరు

అప్పటి పరిస్థితి తెలియకపోతే ఈ కథ బరువు అర్థం కాదు. డ్యూరండ్ కప్ 1888లో సిమ్లాలో, రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో మొదలయ్యాయి. రెండూ బ్రిటిష్ సైనిక దళాలు తమలో తాము ఆడుకోవడానికి పెట్టుకున్నవి. చాలా ఏళ్లపాటు గెలిచింది కూడా వాళ్లే. రోవర్స్ కప్పుని మొదటిసారి ఒక భారతీయ జట్టు గెలిచింది 1937లో. అది బెంగళూరు ముస్లిమ్స్ జట్టు. డ్యూరండ్‌ని మొదట గెలిచిన మనవాళ్లు కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్, 1940లో. ఈ పేర్లు అప్పుడు దక్కనులో ఇంటింటా తెలుసు.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు పేరు బయటి ఊళ్లకి తెలిసింది 1943లో. బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టుని ఓడించింది. ఆ జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. ఇంగ్లండ్ తరఫున క్రికెట్ ఆడి, ఆర్సెనల్ క్లబ్‌లో ఫుట్‌బాల్ కూడా ఆడిన పెద్ద ఆటగాడు.

ఆ తర్వాత 1948 సెప్టెంబర్ వచ్చింది. పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. రాజ్యం పోవడంతో కొలువులు పోయినవాళ్లు ఎందరో. కొన్ని ఇళ్లలో అన్న ఇక్కడ, తమ్ముడు కరాచీలో అన్నట్టయింది. రేపు ఏమవుతుందోనన్న బెంగ చాలా ముస్లిం కుటుంబాల్లో ఉండేది. పోలీసు శాఖ కూడా కొత్త ప్రభుత్వం చేతికి వచ్చింది.

సరిగ్గా రెండేళ్లకి అదే పోలీసు శాఖ జట్టు, హైదరాబాద్ పేరు గుండెమీద పెట్టుకుని, బొంబాయిలో, ఢిల్లీలో కప్పులెత్తింది. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయిన్, లాయిఖ్ ఉన్నారు. సుసాయ్ ఉన్నాడు. ముస్లిం, హిందూ, క్రిస్టియన్ అన్న లెక్క లేకుండా కలిసి ఆడిన జట్టది. పేపర్లలో హైదరాబాద్ పేరు మళ్లీ మంచి కబురుతో వచ్చింది. ఆ రోజుల్లో ఈ ఊరికి అలాంటి కబురు చాలా అవసరం.

1950: ఒకే ఏడు, రెండు కప్పులు

రహీం సాబ్ కంటే ముందు పోలీసు జట్టుని తీర్చిదిద్దినవాడు నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ అనే ఆంగ్లో ఇండియన్. జట్టుకి గట్టి పునాది ఆయన వేశాడు. 1950లో కోచ్ బాధ్యత రహీం సాబ్‌కి వచ్చింది. ఆ ఏడాదే రోవర్స్ కప్ గెలిచారు.

ఇక డ్యూరండ్. యుద్ధం మూలంగా, ఆ తర్వాత దేశ విభజన మూలంగా ఆగిపోయిన ఆ టోర్నమెంట్ 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైంది. స్వతంత్ర భారతంలో అదే మొదటి డ్యూరండ్. ఫైనల్లో ఎదురుగా మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ తేలలేదు. మళ్లీ ఆడించారు. రెండో మ్యాచ్‌లో హైదరాబాద్ పోలీసు జట్టు గెలిచింది. కలకత్తా వాళ్లకి ఇది మింగుడుపడని విషయం. ఫుట్‌బాల్ అంటే బెంగాల్ అనే మాటకి దక్కను నుంచి వచ్చిన మొదటి గట్టి జవాబు అది.

అక్కడి నుంచి లెక్క చూడండి. రోవర్స్ కప్ 1950, 1951, 1952, 1953, 1954, మళ్లీ 1957. డ్యూరండ్ 1950, 1954, 1957. అంటే 1950, 1954, 1957 ఈ మూడేళ్లలో రెండు కప్పులూ ఒకేసారి హైదరాబాద్‌కి వచ్చాయి. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయ్యాక జట్టు పేరు ఆంధ్ర పోలీస్‌గా మారింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరండ్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్ గెలుచుకుంది.

సంతోష్ ట్రోఫీలోనూ అంతే. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే ఆ పోటీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్ వరసగా గెలిచింది. ఆ జట్టుని తయారుచేసింది కూడా రహీం సాబే.

గెలుపు వెనక ఉన్న లెక్క

పోలీసు జట్టు గెలుపుని అదృష్టం అనలేం. ఒకటికి పదిసార్లు జరిగినదాన్ని అదృష్టం అనరు. దాని వెనక ఒక పద్ధతి ఉంది.

అప్పట్లో మన దేశంలో ఎక్కువ మంది ఆడిన ఆట వేరే. బంతి దొరికినవాడు ఒక్కడే ఇద్దర్ని, ముగ్గుర్ని దాటుకుంటూ పోవాలి, జనం చప్పట్లు కొట్టాలి. చూడ్డానికి బాగుంటుంది. కానీ బంతి కంటే మనిషి వేగంగా పరిగెత్తలేడు. కాబట్టి మనిషి కంటే బంతినే ఎక్కువ పరిగెత్తించాలని రహీం సాబ్ పట్టుబట్టారు. నేలమీద చిన్న చిన్న పాస్‌లు, ఒక్క తాకుడుతో బంతిని వదలడం, ఖాళీలోకి పరిగెత్తడం.

మరి పిల్లలకి ఇది అలవాటు చేయడం ఎలా? ఉపన్యాసం ఇస్తే వినరు. అందుకని ఆయన ఆట నియమాలనే మార్చి టోర్నమెంట్లు పెట్టించారు. ఒక టోర్నమెంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగిలిందా, వెంటనే పాస్ చేయాలి. అట్టిపెట్టుకుంటే తప్పు. ఇంకో టోర్నమెంట్లో బలమైన కాలితో తన్నకూడదు. కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితోనే ఆడాలి. నెలా రెండు నెలలు అలా ఆడితే రెండో కాలు కూడా పనిలోకొస్తుంది. మరొకటి ఎత్తు కొలిచి, ఆ కొలత దాటని కుర్రాళ్లకి మాత్రమే. పెద్దపిల్లల భుజాల కింద చిన్నవాళ్లు నలిగిపోకుండా, వాళ్ల ఆట బయటపడడానికి. పెద్ద ఖర్చేమీ లేని ఏర్పాట్లివి. బడిలో ఎక్కాలు చెప్పినంత సులువుగా మైదానంలో కష్టమైన సంగతులు నేర్పించారు.

ఇంకో మార్పు సెంటర్ ఫార్వర్డ్ విషయంలో. అప్పటి ఆటలో సెంటర్ ఫార్వర్డ్ అందరికంటే ముందు, గోల్ దగ్గర నిలబడేవాడు. అవతలి జట్టు డిఫెండర్ అతన్ని అంటిపెట్టుకుని ఉండేవాడు. రహీం సాబ్ ఆ ఆటగాణ్ణి వెనక్కి రప్పించారు. ఇప్పుడు డిఫెండర్‌కి చిక్కు వచ్చింది. అతని వెంట ముందుకొస్తే వెనక ఖాళీ, రాకుండా ఉండిపోతే ఆ ఆటగాడికి స్వేచ్ఛ. ఆ ఖాళీలోకి పక్కనున్న ఇద్దరు దూసుకెళ్తారు. 1953లో లండన్ వెంబ్లీ స్టేడియంలో హంగరీ ఇదే ఎత్తుతో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించినప్పుడు ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఆ కాలంలోనే ఇక్కడ ఒక హైదరాబాదీ పంతులు అదే దారిలో ఆలోచిస్తూ ఆడిస్తున్నారు. 1958 ప్రపంచ కప్‌తో బ్రెజిల్ పేరుమీద ప్రసిద్ధమైన 4-2-4 పద్ధతిని మన ఆటగాళ్లకి ముందుగానే పరిచయం చేసింది కూడా ఆయనే.

దేశం జట్టు చేతికొచ్చింది

పోలీసు జట్టు బాధ్యత వచ్చిన ఏడాదే, 1950లో, భారత జట్టు బాధ్యత కూడా వచ్చింది. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు. ఇండోనేషియా మీద 3-0, అఫ్గానిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. ఆ ఒక్క గోల్ మేవాలాల్ కొట్టాడు. శైలేన్ మన్నా కెప్టెన్. దేశానికి ఫుట్‌బాల్‌లో మొదటి ఆసియా స్వర్ణం.

మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్. చలిదేశం, తడిసిన మైదానం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఉత్తి కాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ ఒక్క గోల్ కొట్టినవాడు బెంగళూరు అహ్మద్ ఖాన్. ఆ ఓటమి తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

ఇంత ఘోరంగా ఓడిన కోచ్‌లు చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. రహీం సాబ్ ఓటమిని పరీక్ష పేపర్‌లా చూశారు. ఎక్కడ మార్కులు పోయాయి? శరీర దారుఢ్యంలో, వేగంలో, బూట్లతో బంతిని అదుపు చేయడంలో. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోయారు.

నాలుగేళ్ల తర్వాత, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండ్ ఆడకుండానే దాటారు. డిసెంబర్ 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డమీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కిందట పది గోల్స్ మింగిన జట్టు ఇది కాదని అందరికీ తెలిసిపోయింది. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఇంతవరకు వెళ్లలేదు.

ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఎదిగినవాళ్లు ఎంతమందో చూడండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం. ఒక్క ఊరు సగం జట్టుని ఇచ్చిందన్నమాట.

ఒక సైకిల్ కిరాయి

బలరాం కథ విడిగా చెప్పుకోవాలి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. ఆడాలని ప్రాణం, కొనడానికి బూట్లు లేవు. పోలీసోళ్లు పారేసిన పాత బూట్లని చెప్పులు కుట్టే అతని చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడని చెప్తారు. సికింద్రాబాద్‌లో ఒక స్థానిక మ్యాచ్‌లో రహీం సాబ్ కంట్లో పడ్డాడు. హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకి రమ్మన్నారు. రావాలంటే అంతదూరం సైకిల్ కావాలి, సైకిల్ కిరాయికి డబ్బుల్లేవు. ఆ సంగతి తెలిసి రహీం సాబ్ తన జేబులోంచి కిరాయి డబ్బులిచ్చి రప్పించారు.

ఆ కుర్రాడు సంతోష్ ట్రోఫీ ఆడాడు, మెల్‌బోర్న్ వెళ్లాడు, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు, జకార్తాలో స్వర్ణం తెచ్చాడు, అర్జున అవార్డు తీసుకున్నాడు. దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు. ఒక సైకిల్ కిరాయి దగ్గర ఆగిపోవాల్సిన బతుకు.

ఇప్పుడు నార్సింగి, కోకాపేట, గండిపేట వైపు సాయంత్రం వెళ్తే లైట్ల వెలుగులో పచ్చటి టర్ఫ్ గ్రౌండ్లు కనపడతాయి. గంటకింత అని కిరాయి కట్టి ఐటీ ఉద్యోగులు, వాళ్ల పిల్లలు ఆడుకుంటారు. ఆడనీ, మంచిదే. కానీ ఆ పక్కన లేస్తున్న టవర్లకి ఇటుకలు మోసేవాళ్ల పిల్లలు, బస్తీల్లో ఆటో నడిపేవాళ్ల పిల్లలు ఆ జాలీ బయట నిలబడి చూస్తారు. వాళ్లలో బలరాం ఉంటే కనిపెట్టేదెవరు? రహీం సాబ్ కాలంలో మైదానానికి కిరాయి లేదు, సైకిల్‌కే ఉంది. ఆ సైకిల్ కిరాయి కట్టడానికి ఒక పంతులు ఉన్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు వెలిగిందో, ఎందుకు ఆరిపోయిందో ఈ ఒక్క సంగతిలో చాలావరకు దొరుకుతుంది.

రోమ్‌లో తండ్రీకొడుకులు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపు చాలా కష్టమైనది. హంగరీతో 2-1 తేడాతో ఓడారు. ఫ్రాన్స్‌తో 1-1 సమం, ఆ గోల్ కెప్టెన్ పి.కె. బెనర్జీది. పెరూ చేతిలో 3-1తో ఓటమి. గ్రూపు దాటలేకపోయినా యూరప్ జట్లకి దీటుగా నిలిచారు.

ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. కోచ్ తండ్రి. అయినా మూడు మ్యాచుల్లో ఒక్కదాంట్లోనూ హకీం మైదానంలోకి దిగలేదు. కొడుకని తీసుకున్నారనే మాట పడే అవకాశం తండ్రి ఎవరికీ ఇవ్వలేదు. హకీం ఆ తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీ అయ్యారు, కోచ్‌గా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో కన్నుమూశారు.

జకార్తా, 1962 సెప్టెంబర్ 4

రహీం సాబ్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది జకార్తా. 1962 ఆసియా క్రీడలు అక్కడ జరిగాయి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో ఓడించి నిలబడ్డారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గోల్ కీపర్ తంగరాజ్ జ్వరంతో పడ్డాడు.

కోచ్‌గా రహీం సాబ్ తీసుకున్న గొప్ప నిర్ణయం ఇక్కడే ఉంది. తలకి కట్టు కట్టుకున్న డిఫెండర్‌ని ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఆయనకి తెలుసు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. ఒక గోల్ జర్నైల్‌ది, రెండు కెప్టెన్ చునీ గోస్వామివి.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. సెనయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది. అందరూ మనకి వ్యతిరేకమే. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని పిలవనందుకు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ అనడంతో ఇండోనేషియా జనం మండిపడుతున్నారు. ఆ కోపమంతా ఆటగాళ్ల మీద పడింది. ఆ అరుపుల మధ్య మనవాళ్లకి చప్పట్లు కొట్టినవాళ్లు, అదే క్రీడల్లో హాకీ స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ ఆటగాళ్లు. ఈ సంగతిని మన ఆటగాళ్లు ముసలితనంలో కూడా మర్చిపోలేదు.

ఫైనల్‌కి ముందు రహీం సాబ్ తన కుర్రాళ్లని తనకో బహుమతి ఇమ్మని అడిగారని, ఆ బహుమతి బంగారు పతకమని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. తంగరాజ్ కోలుకుని గోల్‌లో నిలబడ్డాడు. ముందు వరసలో పి.కె. బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నైల్, చునీ, బలరాం. వీళ్లలో యూసుఫ్ ఖాన్, బలరాం, వెనక తంగరాజ్, ముగ్గురూ హైదరాబాద్ పెంపకమే. 17వ నిమిషంలో బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి కొట్టింది. 2-1తో మనం గెలిచాం. లక్ష మంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు.

ఆ గెలుపు దాకా తీసుకొచ్చిన మనిషిని అప్పటికే జబ్బు తినేస్తోంది. ఊపిరితిత్తుల క్యాన్సర్. జకార్తా తర్వాత తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. వయసు 53 ఏళ్లు.

ఆయన పోయాక

చెట్టు పడిపోయినా వేళ్లు కొన్నాళ్లు పచ్చిగానే ఉంటాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1966లో యూసుఫ్ ఖాన్‌కి, 1967లో తంగరాజ్‌కి అర్జున అవార్డులొచ్చాయి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్ హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్. అదే జట్టులో ఇక్కడి గల్లీల్లో పెరిగిన మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. అయితే ఆసియా స్వర్ణం మాత్రం 1962 తర్వాత మళ్లీ రాలేదు. అరవై ఏళ్లు దాటిపోయాయి.

కారణాలు ఒకటి కాదు. మంచి ఆటగాళ్లని కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బిచ్చి తీసుకెళ్లాయి. బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. తర్వాత నయీం, హబీబ్ కూడా ఆ దారే పట్టారు. ఊళ్లో పిల్లల మనసు క్రికెట్ వైపు మళ్లింది. ఖాళీ మైదానాల్లో ఇళ్లు, షాపులు లేచాయి. అన్నింటికంటే పెద్ద లోటు, పిల్లల టోర్నమెంట్లు పెట్టి, చూసి, ఎంచి, దిద్ది, పై జట్టుకి పంపే మనిషి లేకపోవడం. ఆ పనులన్నీ రహీం సాబ్ ఒక్కరే మోశారు. తన తర్వాత ఆ బరువు మోసే ఏర్పాటు ఊరు చేసుకోలేదు. ఒక్క మనిషి మీద నిలబడ్డ ఇల్లు ఆ మనిషితోనే కుంగుతుంది.

గుర్తింపు సంగతి కూడా అంతే. ఆటగాళ్లకి అర్జున అవార్డు 1961లో మొదలైంది. కోచ్‌లకి ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో, అంటే రహీం సాబ్ పోయిన 22 ఏళ్లకి. 2024లో ఈద్ పండక్కి అజయ్ దేవగన్ ఆయన పాత్రలో మైదాన్ సినిమా వచ్చాకే కొత్త తరానికి ఈ పేరు తెలిసింది. సినిమా కథ ఎక్కువగా దేశం జట్టు చుట్టూనే తిరుగుతుంది. వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిన సిటీ పోలీసు జట్టు కథ మాత్రం హైదరాబాద్ వాళ్లే తమ పిల్లలకి చెప్పుకోవాలి.

చెప్పేటప్పుడు పతకాల లెక్కతో ఆపకూడదు. 1948 తర్వాత ఈ ఊరి ముస్లింలు ఏం పోగొట్టుకున్నారో చెప్పే కథలు ఇళ్లలో చాలానే ఉన్నాయి. ఆ వెంటనే వచ్చిన పదేళ్లలో ఏం కట్టారో చెప్పే కథల్లో ఇదొకటి. డబ్బు లేని చోట, పలుకుబడి తగ్గిన రోజుల్లో, ఒక పంతులు చదువుని, క్రమశిక్షణని నమ్ముకుని దేశంలోకెల్లా మంచి జట్టుని తయారుచేశారు. ఆ జట్టులో ఎవరి మతం ఏంటని అడగలేదు, ఎడమకాలు పనిచేస్తుందా లేదా అని మాత్రం అడిగారు. బడిలో ఆటల పీరియడ్‌ని కోసి ట్యూషన్‌కి ఇచ్చే అమ్మానాన్నలు, మైదానాన్ని ప్లాట్లుగా కొలిచే పెద్దలు ఆ పంతులు చేసిన పనిని ఒకసారి తీరిగ్గా చూడాలి.